నచ్చిందా అని అడగకండి

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు, అది జరిగిందో లేదో డైస్ తేలుస్తుంది. ఈ ఆటలకి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అని పేరు. వాటన్నిటికీ పెద్దన్న డంజన్స్ అండ్ డ్రాగన్స్, పొట్టిగా డీ అండ్ డీ. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రాసిన ఈ ఆట 1974లో, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెయ్యి పెట్టెలుగా బయటికొచ్చింది. యాభై ఏళ్ళు దాటినా దాని నియమాలు మారుతూనే ఉన్నాయి. మార్చే ముందు ప్రచురణకర్తలు ఇప్పుడు ఆడేవాళ్ళని అడుగుతున్నారు. ముసాయిదా పంపిస్తారు, ఆడి చూడమంటారు, తరవాత సర్వే నింపమంటారు.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా శనివారం రాత్రులు ఈ ఆట నడుపుతున్నాను. వచ్చిన దాదాపు ప్రతి ముసాయిదా ప్రింటు తీసి మా వాళ్ళతో ఆడించాను, వచ్చిన ప్రతి సర్వే నింపాను. అడిగేవాళ్ళు ఎలా అడగాలి, చెప్పేవాళ్ళు ఎలా చెప్పాలి అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఇవన్నీ తలకిందుల సలహాలని మా బృందంలోనే ముగ్గురు వాదిస్తారు. సర్వేలు చెయ్యడం వృత్తిగా ఉన్నవాళ్ళు ఇంకా గట్టిగా వాదిస్తారు. వాదించనివ్వండి. నేను నమ్మినవే రాస్తున్నాను.

నచ్చిందా అని అడగకండి

మొట్టమొదట చెప్పేది ప్రచురణకర్తలకి. ఈ ఒక్క ప్రశ్న మానెయ్యండి. దీని బదులు, ఆట ఎక్కడ ఆగింది అని అడగండి.

2022 ఆగస్టులో ఈ ఆట వేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 'వన్ డీ అండ్ డీ' పేరుతో కొత్త నియమాల పరీక్ష మొదలుపెట్టింది. కొన్ని నెలలకొకసారి ఒక ప్యాకెట్ వచ్చేది, దాని మీద ఒక సర్వే. ఒక్కో నియమం ముందు తృప్తి, చాలా తృప్తి, అసంతృప్తి లాంటి గళ్ళు. 70 శాతం తృప్తి దాటితే నియమం గట్టెక్కినట్టే అని అప్పటి ముఖ్య రూపకర్తల్లో ఒకరైన జెరెమీ క్రాఫోర్డ్ వీడియోల్లో చెబుతూ వచ్చారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మా ఇంట్లో జరిగింది చెబుతాను, ఆ గళ్ళలో ఏం పట్టదో మీకే తెలుస్తుంది.

2023 మార్చిలో ఒక శనివారం. మియాపూర్‌లో మా ఫ్లాట్, హాల్లో చాప. స్టీలు కంచంలో తువ్వాలు మడిచి పరిచి అందులో డైస్ వేస్తాం, లేకపోతే రాత్రిపూట ఆ చప్పుడుకి కింది ఇంటివాళ్ళు పైకొస్తారు. మా బృందంలో ఒక అమ్మాయి రెండేళ్ళుగా డ్రూయిడ్ ఆడుతోంది. అడవి మంత్రాలు తెలిసిన పాత్ర అది, కావాలనుకుంటే జంతువుగా మారుతుంది. ఆ అమ్మాయి దగ్గర ఒక రెండొందల పేజీల నోటుబుక్కు ఉండేది. తను మారిన ప్రతి జంతువుకీ ఒక పేజీ, పెన్సిల్‌తో బొమ్మ, పక్కన దాని అంకెలు. ఎలుగుబంటి పేజీ మూలలన్నీ నలిగిపోయి ఉండేవి.

ఆ నెల మేం పరీక్షిస్తున్న ప్యాకెట్‌లో ఆ పద్ధతి తీసేశారు. విడివిడి జంతువులు లేవు. నేల జంతువు, నీటి జంతువు, ఆకాశ జంతువు అని మూడే పట్టికలు. దాని రూపం మీరే ఊహించుకోవచ్చు, అంకెలు మాత్రం అవే. ఆ అమ్మాయి మొదట ఎలుగుబంటిగా మారి కొట్లాడింది. తరవాత కొండ ఎక్కడానికి మేకగా మారింది. అంకెలు చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"అన్నా, ఇప్పుడు నేను ఎలుగుబంటినా, మేకనా?"

"నీకేది కావాలంటే అది చెల్లీ. పట్టిక ఒకటే."

"అయితే ఈ బుక్కెందుకు నాకు?"

నోటుబుక్కు మూసి సంచిలో పెట్టేసింది. ఆ రాత్రి మళ్ళీ తియ్యలేదు. మూడు వారాల తరవాత సర్వేలో "చాలా అసంతృప్తి" నొక్కింది. అమెరికాలో ఎవరి లెక్కలోనో అది ఒకటిగా చేరింది. నోటుబుక్కు సంగతి అంకెలో చేరలేదు.

ఇప్పుడు రెండో రాత్రి సంగతి. అది అంతకుముందు ఏడాది, పాత నియమాలతో. కొత్తగా వచ్చిన కుర్రాడు డ్రూయిడ్ తీసుకున్నాడు. జంతువుగా మారతానన్నాడు. ఏ జంతువు? తెలియదు. రాక్షసుల పుస్తకం అతని ఒళ్ళో పెట్టాం. పాత నియమం ప్రకారం తన పాత్ర చూసిన ఏ జంతువుగా అయినా మారొచ్చు, ఒక్కోదానికి ఒక్కో పట్టిక, పుస్తకం నిండా. అతను పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. నలుగురం ఎదురుచూశాం. ఒకడు ఫోన్ తీశాడు. ఒకామె లేచి టీ పెట్టుకొచ్చింది. టీ తాగడం అయిపోయాక కుర్రాడు "పోనీలే అన్నా, కత్తితోనే కొడతాను" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ డ్రూయిడ్ తీసుకోలేదు.

మూడు పట్టికలు పెట్టినవాళ్ళకి ఈ కుర్రాడి బాధ తెలుసు, అందుకే అవి పెట్టారు. సర్వేలో ఆ మూడు పట్టికలూ ఓడిపోయాయి. ఓడింది మందు. కుర్రాడి బాధ అలాగే ఉంది. చివరికి 2024 సెప్టెంబరులో వచ్చిన పుస్తకంలో ఏం చేశారో చూడండి: జంతువులు తిరిగొచ్చాయి, కానీ డ్రూయిడ్ కొన్నిటిని ముందే ఎంచి పెట్టుకోవాలి. మొదట్లో నాలుగు. అంటే ఆ అమ్మాయి నోటుబుక్కు లాంటిదే నియమమైంది! ఎలుగుబంటికీ మేకకీ తేడా మిగిలింది, కుర్రాడికి పుస్తకమంతా తిప్పే పనీ తప్పింది. ఆట ఎక్కడ ఆగింది, అప్పుడు ఎవరి చేతిలో ఏముంది అని అడిగి ఉంటే ఈ జవాబు మా హాల్లో చాప మీదే దొరికేది.

కోపం చల్లారక ముందే రాయండి

ఇది ఆడేవాళ్ళకి. అందరూ దీనికి వ్యతిరేకం చెబుతారు: నిదానంగా ఆలోచించి, రెండు రోజులు ఆగి, చల్లబడ్డాక అభిప్రాయం రాయమంటారు. వద్దు. ఆట అయిన రాత్రే, చెప్పులేసుకోకముందే రాయండి. ఎవరు ఎవరి మీద అరిచారో, ఏ మాట మీద అరిచారో రాయండి. రెండు రోజులు ఆగితే మీ మాట మీది కాదు. ఈలోపు నాలుగు వీడియోలు చూస్తారు, ఇద్దరు స్నేహితులతో మాట్లాడతారు, వాళ్ళ కోపమే మీ కోపం అయిపోతుంది.

నేను ఆ తప్పు చేశాను. 2022 ఆగస్టు మొదటి ప్యాకెట్‌లో ఒక నియమం ఉంది: ఇరవై ముఖాల డైస్ మీద 20 పడితే వచ్చే క్రిటికల్ దెబ్బ, అంటే మామూలుకంటే గట్టి దెబ్బ, ఇకమీద రాక్షసులకి ఉండదు, ఆటగాళ్ళ పాత్రలకే, అదీ ఆయుధం దెబ్బకీ వట్టి చేతి దెబ్బకీ మాత్రమే. మంత్రాలకి లేదు. చదవగానే నాకు ఒళ్ళు మండింది. రాక్షసుడికి 20 పడ్డప్పుడు బల్ల చుట్టూ లేచే ఆ కేక నాకు ప్రాణం. అది లేకపోతే ఇంకేముంది అనుకున్నాను. ఒక్క రాత్రి కూడా ఆడకుండా సర్వేలో తిట్టి పారేశాను. తరవాతి ప్యాకెట్‌లో పాత పద్ధతి పెట్టారు, 2024 పుస్తకంలోనూ పాతదే ఉంది. నాకు కావలసిందే జరిగింది. అయినా నా జవాబు పనికిమాలినదే. మొదటి లెవల్లో, పాత్రలకి పది పన్నెండు పాయింట్లు మించి ప్రాణం లేనప్పుడు, ఒక గోబ్లిన్‌కి 20 పడి కొత్త ఆటగాడు మొదటి గంటలోనే చచ్చిపోవడం నా బల్ల దగ్గరే జరిగింది. ఆ నియమం అతనికోసం రాశారేమో. నేను ఆడి ఉంటే తెలిసేది.

అందుకే ప్రచురణకర్తలకి నా విన్నపం: ఆడని వాడి జవాబు అసలు తీసుకోకండి. అందరి అభిప్రాయమూ సమానమే కదా అంటారు. కాదు. వంట తినకుండా వాసన చూసి ఉప్పు తక్కువైందనేవాడి మాట వంటవాడు వినక్కర్లేదు. ఏ రోజు ఆడారు, ఎంతమంది ఆడారు, ఏ పాత్ర చనిపోయింది అని మూడు ప్రశ్నలు ముందు పెట్టండి. వాటికి జవాబు లేని కాగితం పక్కన పెట్టెయ్యండి. లక్ష జవాబులు పదివేలవుతాయి. కానివ్వండి.

పుస్తకం చదవని వాడిని వెతికి పట్టుకోండి

ముసాయిదాలు మాలాంటివాళ్ళకే పంపిస్తారు. మేం ప్రతి పేజీ చదువుతాం, పాతదానితో పోల్చి ఎర్ర సిరాతో గీతలు గీస్తాం. ఏ బల్ల దగ్గరైనా ఇలాంటివాడు ఒక్కడుంటాడు. మిగిలిన నలుగురూ పుస్తకం తెరవరు. "అన్నా, ఇప్పుడు నేనేం వెయ్యాలి?" అనే ప్రశ్నతోనే వాళ్ళు ఏళ్ళ తరబడి ఆడేస్తారు, ఆనందంగా ఆడతారు. పుస్తకాలు కొనేది మేమైనా ఆటను బతికించేది వాళ్ళు. వాళ్ళని అడగండి. ఇంకో మాట, ఆ నలుగురిలో ఒకరిని చదవొద్దని ముందే కట్టడి చెయ్యండి. అతను ఎన్నిసార్లు "ఇప్పుడు నేనేం వెయ్యాలి" అన్నాడో లెక్కపెట్టండి. పాత నియమంతో పన్నెండుసార్లు, కొత్తదానితో ఐదుసార్లు అంటే మారిస్తే మంచిదన్నమాట. తృప్తి శాతం కంటే నాకు ఈ లెక్క మీద నమ్మకం.

ఆట పుట్టింది కూడా ఇలాగే. ఆర్నెసన్ తన 'బ్లాక్‌మూర్' ఆటను లేక్ జెనీవా తీసుకొచ్చి గైగాక్స్‌కి చూపించారు. గైగాక్స్ తన ముసాయిదాను మొదట ఆడించింది సొంత పిల్లలిద్దరితో. పిల్లలు ఏ పుస్తకం చదివారు? అప్పటికి పుస్తకమే లేదు.

ఏది చంపుదాం అని అడగండి

కొత్తగా ఏం కావాలి అని అడిగితే అందరూ అన్నీ కావాలంటారు. పుస్తకం లావెక్కుతుంది. 1987లో ఈ ఆట రెండో ఎడిషన్ తయారవుతున్నప్పుడు రూపకర్త డేవిడ్ కుక్ 'డ్రాగన్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఏ పాత్ర తరగతుల్ని, అంటే ఏ రకం పాత్రల్ని, తీసెయ్యాలి, ఎవరు చావాలి అని పాఠకుల్నే నేరుగా అడిగారు. జనం ఉత్తరాలు రాశారు. 1989లో పుస్తకం వచ్చేసరికి అసాసిన్, మంక్ ప్రధాన తరగతుల్లో లేవు.

ఇలా అడగడం క్రూరమనీ, ఆటగాళ్ళని భయపెట్టడమనీ అంటారు. నాకైతే అంతకంటే మర్యాదైన ప్రశ్న కనిపించదు. నిన్ను నమ్మి కత్తి నీ చేతికిస్తున్నాను అన్నట్టు. తన పాత్ర పోతుందంటే మనిషి అబద్ధం ఆడడు. ఎందుకు ఉండాలో కథలుగా చెబుతాడు: మా మంక్ ఫలానా కోట గోడ ఎలా ఎక్కాడో, ఎవరిని కాపాడబోయి ఎలా చచ్చాడో. ఆ కథల్లోనే ఆ పాత్ర ఎందుకు పనికొస్తుందో ఉంటుంది. మంక్ 2000లో మూడో ఎడిషన్‌తో తిరిగొచ్చాడు. పోయినదాన్ని జనం పదేళ్ళకు పైగా తలుచుకుంటూ ఉన్నారంటే అది ఏ సర్వే కంటే గట్టి జవాబు. కాబట్టి భయపడకండి, చంపండి. ప్రాణమున్నదైతే మళ్ళీ వస్తుంది.

పాత్రలను ఓడించండి

సంతోషపెట్టి అభిప్రాయం అడిగితే మంచి మాటలే వస్తాయి. పాత్‌ఫైండర్ ఆట వేసే పైజో సంస్థ 2018 ఆగస్టులో రెండో ఎడిషన్ ముసాయిదా విడుదల చేసినప్పుడు దానితో పాటు 'డూమ్స్‌డే డాన్' అనే సాహస కథ కూడా ఇచ్చింది. ఒక్కో భాగం నియమాల్లో ఒక్కో చోట నొక్కి చూడటానికి రాసింది, భాగానికో సర్వే. అందులో ఒక భాగం 'హీరోస్ ఆఫ్ అండారిన్'. శత్రువులు అలలు అలలుగా వస్తూనే ఉంటారు. పాత్రలు ఎంతవరకు తట్టుకుంటాయో, ఎక్కడ విరిగిపోతాయో చూడటమే దాని పని. ఆడినవాళ్ళలో చాలామంది మండిపడ్డారు. ఇది ఆటా, ఉరిశిక్షా అన్నారు.

నేను పైజో పక్షం. వంతెన కట్టినవాడు దాని మీద బరువు లారీలు ఆపి చూస్తాడు, సైకిల్ తొక్కి చూడడు. ఆ ముసాయిదాలో రెజొనెన్స్ అని ఒక లెక్క ఉండేది. మంత్ర వస్తువు ఏది వాడినా, చిన్న మందు సీసా తాగినా, రోజువారీ కోటాలోంచి ఒక పాయింటు పోయేది. ప్రాణం మీదికొచ్చినప్పుడు మందు సీసా చేతిలో ఉండి కూడా కోటా అయిపోయిందని లెక్క చూసుకోవాల్సి రావడం ఎంత చిరాకో, ఓడిపోతున్న రాత్రే తెలుస్తుంది. గెలుస్తున్న రాత్రి ఎవరూ లెక్క చూసుకోరు. 2019 ఆగస్టులో వచ్చిన అసలు పుస్తకంలో ఆ లెక్క లేదు.

ఆటగాళ్ళకి ముందే చెప్పాలా, ఈ భాగంలో మీరు చస్తారు అని? చెప్పకండి. చెబితే చావుకి సిద్ధపడి ఆడతారు. అయిపోయాక క్షమాపణ అడగండి, నిజాయితీగా అడగండి.

పాత కొత్తలకు పోటీ పెట్టకండి

నాకు సర్వేల మీద ఉన్న అసలు దిగులు ఇది. వన్ డీ అండ్ డీ పరీక్షలో ఏవేవి వెనక్కి వెళ్ళాయో గుర్తు చేసుకోండి. డ్రూయిడ్ మూడు పట్టికలు వెనక్కి. తరగతుల్ని నాలుగు గుంపులుగా విడగొట్టడం, మంత్రాల్ని మూడే జాబితాలు చెయ్యడం, అవీ వెనక్కి. 2023 ఏప్రిల్‌లో వార్‌లాక్ అనే మంత్రగాడి మంత్రాల పద్ధతి మార్చారు. వార్‌లాక్‌కి మంత్రాలు కొన్నే ఉంటాయి, కానీ గంటసేపు విశ్రాంతి తీసుకుంటే తిరిగొస్తాయి. దాన్ని తీసి మిగిలిన మంత్రగాళ్ళలాగా రోజు మొత్తానికి సరిపెట్టుకునే పద్ధతి పెట్టారు. గగ్గోలు లేచింది. సెప్టెంబరు ప్యాకెట్‌లో పాతది తిరిగొచ్చింది.

అవన్నీ చెడ్డ మార్పులా? కొన్ని నిజంగానే చెడ్డవి. కానీ పదేళ్ళు అలవాటుగా ఆడిన నియమాన్ని, రెండు రాత్రులు తడబడుతూ ఆడిన నియమంతో పక్కపక్కన పెట్టి ఏది నచ్చింది అంటే మనిషి ఏం చెబుతాడు? పాత చెప్పు కరవదు. కొత్తది నెలరోజులు కరుస్తుంది. చెప్పులు కొన్న రోజే మార్కులు వెయ్యమంటే ఇక ఎవరూ కొత్త చెప్పులు కుట్టరు.

అందుకే అంటున్నాను, మార్కులే వద్దు. జరిగింది మాత్రం రాయించుకోండి, నిర్ణయం మీరు తీసుకోండి. నాకు తెలుసు, ఇది వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. ఓటు లేకపోతే అడగడం ఎందుకు అంటారు. డాక్టరు ఎక్కడ నొప్పి అని అడుగుతాడు, ఎప్పుడు మొదలైంది అని అడుగుతాడు. ఏ మాత్ర వెయ్యాలో ఇంట్లోవాళ్ళ చేత ఓటు వేయించడు. ఆడేవాళ్ళారా, మీరు కూడా మందు రాయకండి. "వార్‌లాక్‌కి ఇంకో రెండు మంత్రాలివ్వండి" అని రాస్తే అది చదివేవాడికి ఏమీ తెలియదు. "మాకు కథ నడిపేవాడు ఎప్పుడూ విశ్రాంతి తీసుకోనివ్వడు, మొదటి కొట్లాటలోనే రెండు మంత్రాలూ అయిపోతాయి, మిగిలిన రెండు గంటలూ మావాడు ఒకే దెబ్బ కొడుతూ కూర్చుంటాడు" అని రాయండి. ఆ రెండో వాక్యంలో రోగం మొత్తం ఉంది.

2014 ఎడిషన్ సంగతేమిటి, ఇలాంటి సర్వేలతోనే కదా అంత బాగా వచ్చింది అని మా బృందంలో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. నిజమే. 2012 మే నెలలో మొదలైన ఆ పరీక్షలో 1,75,000 మందికి పైగా పాలుపంచుకున్నారని పుస్తకంలోనే కృతజ్ఞతలు చెప్పారు. కానీ దాన్లోనూ నాకు ఒక కొరత మిగిలింది. ముసాయిదాల్లో ఫైటర్లందరికీ కొన్ని అదనపు డైస్ ఇచ్చారు. వాటితో దెబ్బ పెంచుకోవచ్చు, అడ్డుకోవచ్చు, ఎదుటివాణ్ణి పడగొట్టొచ్చు. కత్తి పట్టినవాడికి కూడా ప్రతి వంతులో ఆలోచించుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. అచ్చయ్యేసరికి ఆ ఆలోచన బ్యాటిల్ మాస్టర్ అనే ఒక్క ఉపశాఖకి పరిమితమైంది. సులువైన ఫైటర్ కావాలన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటా న్యాయమే. అయినా సగంమంది ప్రాణం పెట్టే నియమాన్ని, మిగతా సగం వద్దన్నారని, పుస్తకంలో ఒక మూలకి తోసెయ్యకూడదు. నన్నడిగితే ప్రతి పుస్తకంలో అలాంటివి రెండైనా నడిమధ్యలో ఉండాలి. అందరూ సరేనన్న నియమాలతోనే నిండిన పుస్తకం ఎవరికీ ప్రాణం కాదు.

ఇచ్చిన మాట మీద సర్వే పెట్టకండి

దీని మీద ఎక్కువ చెప్పను. 2000 నుంచి ఈ ఆట నియమాలు వాడుకుని ఎవరైనా సొంత పుస్తకాలు వేసుకునేలా ఓపెన్ గేమ్ లైసెన్స్ ఉంది. దాన్ని నమ్మి వందల చిన్న సంస్థలు బతికాయి. 2023 జనవరి మొదట్లో ఆ పాత లైసెన్స్‌ను రద్దు చేసే ముసాయిదా బయటికి పొక్కింది. దుమారం లేచాక సంస్థ ఇంకో ముసాయిదా పెట్టి దాని మీద సర్వే తెరిచింది. 15,000 మందికి పైగా జవాబిచ్చారు. కొత్త లైసెన్స్ కింద పుస్తకాలు వెయ్యబోమని 88 శాతం, పాతది రద్దు చెయ్యడం తమకి సమ్మతం కాదని 89 శాతం చెప్పారు. జనవరి 27న సంస్థ వెనక్కి తగ్గింది. పాత లైసెన్స్ ముట్టుకోలేదు, ప్రధాన నియమాల్ని క్రియేటివ్ కామన్స్ కింద శాశ్వతంగా వదిలేసింది.

సర్వే గెలిచిందని చాలామంది సంబరపడ్డారు. నాకు ఆ సర్వే అడగడమే తప్పనిపించింది. డ్రూయిడ్ ఎలుగుబంటి కావాలా మేక కావాలా అన్నది అడగాల్సిన విషయం. ఇరవై ఏళ్ళ క్రితం ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా వద్దా అన్నది కాదు. రేపు 51 శాతం రద్దు చెయ్యమంటే చేసేస్తారా?

గొడవల పుస్తకం పెట్టండి

మా అమ్మమ్మ వాళ్ళింట్లో అష్టాచెమ్మా ఆడేటప్పుడు ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్ళలోకి పోకూడదు. అదే వీధిలో మా పెద్దత్త ఇంట్లో ఆ పట్టింపు లేదు, ఎవరైనా పోవచ్చు. వేసవి సెలవుల్లో రెండిళ్ళ పిల్లలం కలిసి ఆడితే మొదటి అరగంట గవ్వలు వెయ్యడం కంటే పోట్లాడటమే ఎక్కువ. అప్పుడు అమ్మమ్మ వచ్చి, "ఎవరింట్లో ఆడితే వాళ్ళ పద్ధతి" అని తేల్చేది. ఎవరికి ఏది నచ్చిందని ఆమె అడగలేదు. గొడవ ఎక్కడొచ్చిందో చూసింది, అక్కడ ఒక గీత గీసింది.

మా బల్ల దగ్గర కూడా ఇప్పుడు ఒక బుక్కు ఉంది. ఏ నియమం మీద గొడవొచ్చిందో, ఎంతసేపు సాగిందో, చివరికి ఎలా తేల్చామో రాస్తాం. మూడేళ్ళలో ఎక్కువసార్లు వచ్చిన మాట దాక్కోవడం. చీకట్లో దాక్కున్న పాత్రని ఎవరు చూడగలరు, ఎవరు చూడలేరు అన్నది. ఏ సర్వేలోనూ దాని గురించి నేను ఒక్క ముక్క రాయలేదు, ఎందుకంటే ఎవరూ "ఏ గొడవ ఎక్కువసార్లు వచ్చింది" అని అడగలేదు. తృప్తిగా ఉన్నారా అంటే, ఉన్నాం అని నొక్కాను.

ప్రచురణకర్తలు వద్దనుకున్న నియమాలు కూడా ఇలాగే ఎక్కడో ఉండాలి. చెత్తబుట్టలో వెయ్యకండి. పుస్తకం చివర పది పేజీల్లో అచ్చు వెయ్యండి, ఎందుకు తీసేశామో ఒక్కో వాక్యం రాయండి. అమ్మకాలకి నష్టమంటారు, కొత్తవాళ్ళు తికమకపడతారంటారు. అష్టాచెమ్మాకి రెండు పద్ధతులున్నాయని తెలిసి ఏ పిల్లా ఆడటం మానలేదు. మా డ్రూయిడ్ అమ్మాయికి ఆ మూడు పట్టికలు పనికిరాలేదు, కానీ ఆ కుర్రాడికి ఈ రోజుకీ పనికొచ్చేవి.

ఇక ఆడేవాళ్ళకి చివరిగా. ఈసారి ఏ సంస్థ నుంచి ఏ ప్యాకెట్ వచ్చినా, ఆడే ముందు ఒక కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకోండి. ఆట ఆగిన ప్రతిసారీ గడియారం చూసి టైము వేసి, అప్పుడు ఎవరు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే రాయండి. సర్వే వచ్చినప్పుడు తృప్తి గళ్ళలో ఏదో ఒకటి నొక్కెయ్యండి, వాటి మీద ఆలోచన పెట్టకండి. చివర్లో రాసుకోవడానికి ఒక ఖాళీ పెట్టె ఉంటుంది. ఆ కాగితం మొత్తం అందులో ఎక్కించండి.